గోడదాకా ఎగిరిన కండక్టరమ్మ

కదిలే బస్సులో దేన్నీ పట్టుకోకుండా నిలబడటం కండక్టరు ఉద్యోగంలో సగం. ఒక చేతిలో టికెట్ మిషను, రెండో చేతిలో చిల్లర. రాడ్డు పట్టుకోవడానికి మూడో చెయ్యి దేవుడు ఎవరికీ ఇవ్వలేదు. అందుకని మోకాళ్లు వాటంతటవే వదులవుతాయి, బరువు పాదాల్లోకి దిగుతుంది, బ్రేకు పడబోతోందన్న సంగతి డ్రైవరు భుజం కదలికను బట్టే నడుముకి తెలిసిపోతుంది. ఈ విద్యను కండక్టరమ్మ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నేర్చుకోకుండా వచ్చింది కాబట్టే అది మాష్టారి కంట పడింది.

ఆ రోజు బస్సు కిక్కిరిసి ఉంది. అరవై దాటిన ఒక పెద్దాయన నడవాలో నిటారుగా, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డారు. పెద్ద కూడలి దగ్గర బస్సు ఒరిగితే జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆయన మాత్రం పడలేదు.

"రాడ్డు పట్టుకోండి పెద్దాయనా, పడతారు," అంది ఆమె.

"నువ్వు పట్టుకోలేదుగా."

"నాకు జీతమిస్తారండీ."

"జీతం లేకుండా నేర్పిస్తాను, వస్తావా?"

వెటకారం అనుకుంది. ఆయన దిగుతూ దిగుతూ టైర్ల షాపు గుర్తు చెప్పి, పైన హాలుందని, పొద్దున్నే రమ్మని చెప్పి పోయారు. చూసొస్తే పోయేదేముందని ఒకరోజు వెళ్లింది. ఆ తరవాత ఏళ్ల తరబడి వెళ్తూనే ఉంది.

ఆ పెద్దాయనే మాష్టారు. ఓడలో వంటవాడిగా పనిచేసి ఒడ్డు చేరిన మనిషి. ఓడ మరమ్మతుకని నెలల తరబడి ఆగిపోయిన ఒక చైనా రేవులో, తెల్లవారుజామున పార్కులో నెమ్మదిగా చేతులు తిప్పుతున్న ఒక ముసలాయన వెనక నిలబడి ఆయన చేసినట్టల్లా చేయడం మొదలుపెట్టారు. ముసలాయన వెళ్లగొట్టలేదు. దాన్ని గురుపరంపర అనాలంటే అనొచ్చు. ఉద్యోగం మానాక ఆ హాలు అద్దెకి తీసుకుని, తాయ్‌చీ అనే ఆ నెమ్మది విద్య నేర్పసాగారు. కింద కంప్రెసరు బుస్సుమంటూ ఉంటుంది, పైన ఊపిరి మెల్లగా వదలమంటారు. హాలంతా కొత్త రబ్బరు వాసన.

"మీ మాష్టారు చెప్పే ఆ చీ అంటే ఏంటో కాస్త చెప్పు," అని అడిగాడు ఆమె మొగుడు. ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు.

"ఒంట్లో తిరిగే శక్తి."

"అయితే ఆ తిరిగేదాన్ని ఓసారి ఇటు తిప్పి, ఈ కంప్రెసరు మూడో అంతస్తుకి చేర్చు."

ఆమె నవ్వింది. ఆమె వెళ్లేది శక్తి కోసం కాదు. రోజంతా మోచేతులూ సంచులూ గొడుగులూ పొడుస్తుంటే బతికే మనిషి ఆమె. అక్కడ మాత్రం ఒకరినొకరు తాకడానికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మణికట్లు ఆనించి గుండ్రంగా తిప్పుతారు. ఎదుటివాడి బరువు ఎటు మొగ్గుతోందో చర్మంతో కనిపెట్టాలి. మాష్టారు దాన్ని 'వినడం' అనేవారు. వినడంలో ఆమెను మించినవాళ్లు ఆ హాల్లో లేరు. అందుకే పెద్ద శిష్యురాలైంది. ఆ హోదాకి ఒక విధి కూడా ఉందని మాష్టారు తరచూ చెప్పేవారు: "బయటివాడు పరీక్షించడానికొస్తే ముందు పెద్ద శిష్యుడితో చేతులు కలపాలి. ఇంట్లోకి రావాలంటే గుమ్మం దాటాలి కదా. ఆ గుమ్మం శిష్యుడు." పరీక్షించడానికి ఎవరూ వచ్చింది లేదు కాబట్టి ఆ మాట చెప్పుకోవడానికే మిగిలింది.

గురుభక్తి మీద మన దగ్గర మంచి మాటలకు కొదవ లేదు. అది శిష్యుణ్ణి ఏం చేస్తుందో పేజీలకు పేజీలు రాశారు. గురువుని ఏం చేస్తుందో రాసినవాళ్లు తక్కువ. ఆ హాల్లో జరిగింది ఇది. మాష్టారు తోయబోయే ముందు ఆయన ఊపిరి ఒక్క క్షణం ఆగేది, కుడి భుజం వెంట్రుకవాసి దిగేది. ఆమె మణికట్టు అది వినేది. విన్నాక అక్కడే నిలబడి దెబ్బ తినడం మొరటుగా అనిపించి, తోపు రాకముందే ఒక అడుగు వెనక్కి వేసేది. పెద్దవాళ్లు గదిలోకొస్తే మోకాళ్లు వాటంతటవే కుర్చీలోంచి లేస్తాయే, అలా. రాను రాను అడుగు కాస్తా గెంతు అయింది, గెంతు గోడదాకా పోయింది. గోడకి పరుపు కట్టారు. చివరికి మాష్టారి చెయ్యి తగలాల్సిన అవసరమే లేకుండా పోయింది. ఆయన అరచెయ్యి ఎత్తితే చాలు, కండక్టరమ్మ ఎగిరి వెళ్లి పరుపుకి కొట్టుకునేది.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. ఆయన తన శక్తి పండిందనుకున్నారు, ఆమె తన వినికిడి పండిందనుకుంది. మిగతా శిష్యులు ఇద్దర్నీ చూసి నోళ్లు తెరిచారు. రోజంతా మందులమ్మి, సాయంత్రం వచ్చి మందులన్నీ దండగని చెప్పే మందుల షాపాయన ఒకడు ఆ విన్యాసాన్ని ఫోన్‌లో తీసి నలుగురికీ పంపాడు. అది నలభై చేతులు మారి, స్టేడియంలో కుస్తీ నేర్పే కోచ్ దగ్గరికి చేరింది.

కోచ్ ఒక సాయంత్రం హాలుకి వచ్చాడు. కుస్తీ పట్లలో చెవులు నలిగి ముద్దలు కట్టిన మనిషి, మాట మాత్రం మెత్తన. చెప్పులు బయటే విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాష్టారూ, వీడియో చూశాను. నన్ను కూడా ఓసారి అలా పడేయండి. పడితే రేపట్నుంచి ఈ హాలు నేనే ఊడుస్తాను."

"పడకపోతే?"

"పడకపోతే నేను పడేస్తానండీ. చెప్పి చేస్తే మర్యాదగా ఉంటుందని చెప్తున్నా."

"మాష్టారి ముందు ఎగిరెగిరి పడకు," అన్నాడు మందుల షాపాయన.

"ఎగిరేది నేను కాదు కదన్నా. ఆవిడ కదా," అని కోచ్ కండక్టరమ్మ వైపు చూశాడు. ఆ చూపులో ఎగతాళి లేదు. అందుకే ఆమెకి ఒళ్లు జలదరించింది.

"ఆదివారం పొద్దున రా," అన్నారు మాష్టారు.

మర్నాడు మాష్టారి కూతురు బస్సెక్కింది. కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. సీటు ఖాళీ ఉన్నా కూర్చోకుండా కండక్టరమ్మ పక్కనే నిలబడింది.

"అక్కా, ఆదివారం సంగతి నిజమేనా?"

"నిజమే."

"నాన్న మెడ సంగతి మీకెవరికీ చెప్పలేదు కదూ."

ఆమె చెప్పలేదన్నట్టు తలూపింది. కూతురు గొంతు తగ్గించి చెప్పింది. మెడలో ఎముకలు అరిగి వెన్నుపాముని నొక్కుతున్నాయి. స్కాన్ చూసిన డాక్టరు, తల ఒక్కసారి వెనక్కి విరిగినట్టు పడితే చాలు, మెడ కింద ఏదీ కదలదన్నాడు. బెల్టు పెట్టుకోమన్నాడు. నాన్న పెట్టుకున్నట్టే పెట్టుకుని, చీతో సర్దుకుందని తీసి బీరువాలో పడేశారు.

"కోచ్‌కి చెప్పకపోయావా?"

"చెప్పానక్కా. వీడియో పంపినప్పుడు లేని మెడనొప్పి ఇప్పుడెలా వచ్చిందమ్మా అన్నాడు. ఆయన నోటితో ఆయన్ని వద్దనమనండి, నేను రాను అన్నాడు. నాన్నని అడిగితే, వాడు రాకపోతే నేనే స్టేడియానికి పోతానన్నారు." కూతురు రాడ్డుని గట్టిగా పట్టుకుంది. "మీరు నిజం చెప్పండి. నాన్న చెయ్యి తగలకుండానే మీరు పడతారు కదా. అసలెలా పడతారు?"

ఎవరో స్టాపు దాటిపోయిందని కేకేశారు. ఆమె విజిలు ఊది బస్సు ఆపించింది. జవాబు చెప్పాల్సిన పని అప్పటికి తప్పింది. కానీ ఆ ప్రశ్న మాత్రం బస్సు దిగలేదు.

ఇంటికెళ్లి వీడియో తీసి మొగుడికిచ్చింది. "సరిగ్గా చూసి చెప్పండి. వేళాకోళం వద్దు."

ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, ముందుకీ వెనక్కీ జరిపి చూశాడు. "ఇదిగో, ఇక్కడ ఆపాను చూడు. ఆయన చెయ్యి ఇంకా తొడ పక్కనే ఉంది. నీ మడమలు అప్పుడే లేచాయి. దూకబోయేవాడి మడమలు లేస్తాయి, తోయించుకునేవాడివి లేవవు. నిన్నెవరూ తోయలేదోయ్, నువ్వే దూకావు."

"నేను దూకలేదండీ."

"మరి ఈ మడమలు ఎవరివి?"

ఆమె మళ్లీ మళ్లీ చూసింది. మడమలు ఆమెవే. కాలి మెట్టెలు కూడా ఆమెవే. ఆ పెద్దాయన ఇన్నేళ్లూ నమ్ముకున్న బలం ఈ మడమల్లోనే ఉంది. ఇప్పుడు ఆదివారం ఆయన మెడను వీటి పూచీ మీద పెట్టబోతున్నారు.

మర్నాడు అందరికంటే ముందే హాలుకి వెళ్లి, ఫోను మాష్టారి ముందు పెట్టింది. మడమలు లేచిన చోట ఆపి చూపించింది.

"మీ చెయ్యి కదలకముందే నేను లేచాను మాష్టారూ. చూడండి."

మాష్టారు కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు. ఆయన మొహం నెమ్మదిగా వెలిగింది. "చూశావా? చెయ్యి కదలకముందే చీ నిన్ను చేరింది. పార్కులో ముసలాయన సైగలతో చెప్తుంటే నమ్మలేదు నేను."

నమ్మకంతో వచ్చిన చిక్కు ఇదే. దానికి ఎదురు సాక్ష్యం ఉండదు. ఏ సాక్ష్యం తెచ్చినా తీసుకెళ్లి తన సంచిలోనే వేసుకుంటుంది.

"కాదు మాష్టారూ. నేను పోకుండా నిలబడతాను. మీరు తోయండి. అప్పుడు తెలుస్తుంది."

"నిలబడు మరి."

ఆమె నిలబడింది. బరువు పాదాల్లోకి దింపింది. కాలివేళ్లతో నేలను కరిచింది. కదలకూడదు, ఈయన మెడ కోసం కదలకూడదు అని పళ్లు బిగించి తనకి తానే చెప్పుకుంది. మాష్టారు అరచెయ్యి ఎత్తారు. ఊపిరి ఆగడం ఆమె వింది. కుడి భుజం దిగడం చూసింది. ఆ తరవాత ఆమెకి తెలిసింది ఒక్కటే, వీపుకి తగిలిన పరుపు.

మాష్టారు దగ్గరికొచ్చి చెయ్యి అందించి లేపారు. "నీ భయం నాకు తెలుసు," అన్నారు ఆప్యాయంగా. "నువ్వు నిలబడాలనుకున్నావు. నిలబడలేకపోయావు. ఇంకేం కావాలి చెప్పు?"

ఆమె ఆ రోజు డ్యూటీలో రెండు చోట్ల తప్పు టికెట్టు కొట్టింది. పెద్ద కూడలి దగ్గర మొదటిసారి రాడ్డు పట్టుకుంది. నోటితో చెప్తే ఆయన వినలేదు, కళ్లకి చూపిస్తే ఇంకోలా చూశారు, ఒంటితో చెప్దామంటే ఒళ్లు మాట వినడం లేదు. ఇక మిగిలింది మాష్టారు చెప్పే ఆ పెద్ద శిష్యుడి గుమ్మం ఒక్కటే.

ఆదివారం హాలు నిండింది. మందుల షాపాయన ఫోను స్టాండుకి బిగించాడు. మాష్టారి కూతురు తలుపు పక్కన, చేతిసంచి గుండెకి హత్తుకుని నిలబడింది. సంచిలోంచి మెడ బెల్టు అంచు బయటికి కనిపిస్తోంది. కింద టైర్ల షాపుకి సెలవు. కంప్రెసరు చప్పుడు లేకపోయేసరికి అందరి ఊపిర్లూ వినిపిస్తున్నాయి.

కోచ్ వచ్చి దణ్ణం పెట్టాడు. మాష్టారు చొక్కా చేతులు మడుచుకుంటున్నారు. కండక్టరమ్మ వాళ్లిద్దరి మధ్యకి వచ్చి నిలబడింది.

"ముందు నాతో చేతులు కలపాలి," అంది కోచ్‌తో. "ఇక్కడి పద్ధతి."

"తప్పుకో," అన్నారు మాష్టారు.

"మీరు చెప్పిందే మాష్టారూ. గుమ్మం దాటకుండా లోపలికి రానిస్తామా?"

పద్ధతి ఆయనది. తన పద్ధతిని తనే నలుగురి ముందు కొట్టేయలేరు. మడుచుకున్న చొక్కా చేతులు అలాగే ఉంచి ఒక పక్కకి జరిగారు.

కోచ్‌కి నచ్చలేదు. "అమ్మా, నేను పట్టు పడితే మెల్లగా పట్టడం రాదు. దెబ్బ తగులుతుంది."

"బస్సులో రోజూ తగిలేదే. కానివ్వండి."

మణికట్లు ఆనాయి. ఆమె వింది. ఇది వేరే చెయ్యి. ఇందులో ఊపిరి ఆగదు, భుజం కబురు పంపదు. గోతాంలో బియ్యంలా బరువు ఎప్పుడూ నిండుగా ఉంది. అతను ముందుకు తోశాడు. ఆమె నడుము తిప్పింది, తోపు పక్కనించి జారిపోయింది. శిష్యుల్లో గుసగుస లేచింది. అతను మళ్లీ తోశాడు, మళ్లీ జారింది. కోచ్ కళ్లు చిన్నవయ్యాయి. "బాగుందమ్మా," అన్నాడు నిజంగానే. ఆ మాట పూర్తయ్యేలోపు అతని రెండో చెయ్యి ఆమె భుజం వెనక్కి వెళ్లింది, తుంటి ఆమె తుంటి కిందికి దూరింది.

ఆమె ఎగరలేదు. గోడ ఉన్నచోటే ఉంది, పరుపు ఉన్నచోటే ఉంది. ఆమె నిలబడ్డ చోటే, కోచ్ పాదాల ముందు, తడి బట్టల మూటలా దబ్బున పడింది. భుజం దగ్గర ఏదో పుటుక్కుమంది. ఆ చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

"కోచ్ పడేయలేదు. మాష్టారి చీకి అడ్డొచ్చింది కదా, అందుకే," అంటున్నాడు మందుల షాపాయన. ఎవరూ వినలేదు. కోచ్ అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని, "కదలకండి, చెయ్యి కదపకండి," అంటున్నాడు.

మాష్టారు ఆమె మొహం వైపు చూడటం లేదు. ఆమె పడిన నేలను చూస్తున్నారు. అక్కణ్ణించి హాలు అవతలి కొసన ఉన్న పరుపుని చూశారు. మళ్లీ నేలను చూశారు. వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నారు.

"మడమలు?" అని అడిగారు.

"లేవలేదు మాష్టారూ."

"నా దగ్గర?"

నొప్పికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "లేచేవి."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

ఆయన లేచి నిలబడ్డారు. కోచ్ ముందుకి నడిచి మణికట్టు చాపారు. కోచ్ కూడా లేచి, ఒక్క క్షణం ఆలోచించి, తన మణికట్టు ఆనించాడు. తోయలేదు. మాష్టారు కళ్లు మూసుకున్నారు. ఆ హాల్లో అప్పుడు ఎవరైనా దగ్గితే ఏం జరిగేదో తెలియదు. ఆమె నేల మీదినించి ఆయన కుడి భుజాన్నే చూస్తోంది. అది దిగితే ఆయన తోస్తారు. తోస్తే కోచ్ తన పని తను చేస్తాడు.

భుజం దిగలేదు.

మాష్టారు కళ్లు తెరిచి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "నీ చెయ్యి చెప్పింది విన్నాను. నేను సరిపోను," అన్నారు. తరవాత చొక్కా చేతులు కిందికి దించుకుంటూ, "నీకు కారుందా? ఈమెని ఆస్పత్రికి తీసుకెళ్లాలి," అన్నారు.

కాలర్ బోను విరిగింది. మాష్టారు ఆస్పత్రి గుమ్మందాకా వచ్చి, లోపలికి రాకుండా వెళ్లిపోయారు. చెయ్యి మెడలోంచి వేలాడదీసుకుని ఆమె ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా రాలేదు. కోచ్ వచ్చాడు, పళ్లు తెచ్చాడు, తన కుర్రాళ్లకి ఆ నడుము తిప్పడం చూపించమని అడిగి వెళ్లాడు. మాష్టారి కూతురు ఫోను చేసి, నాన్న బెల్టు పెట్టుకుంటున్నారని, ఎవరితోనూ మాట్లాడటం లేదని చెప్పింది. మందుల షాపాయన ఇంకో గురువుని వెతుక్కున్నాడు. ఆయన ఒకేసారి ఇద్దర్ని తాకకుండా పడేస్తాడట.

"మెడ దక్కింది కదా," అన్నాడు మొగుడు ఆమెకి జడ అల్లుతూ. ఒంటి చేత్తో ఆమెకి రాదు కాబట్టి ఆ పని ఆయన నేర్చుకున్నాడు. రాగి తీగ చుట్టినంత బిగువుగా అల్లుతాడు.

"మెడ దక్కింది. మాష్టారు దక్కలేదు."

"ఆయన నిన్ను కోప్పడ్డాడా?"

"కోప్పడితే బాగుండేది."

మోసపోయినవాడికి మోసగాడి మీద కోపం వస్తుంది. ఇక్కడ మోసగాళ్లు లేరు కాబట్టి ఆ కోపానికి పోయే దారి లేదు. ఇది ఆమెకి తెలుసు. తెలిసినా తలుపు చప్పుడైనప్పుడల్లా అటు చూసేది.

ఆమె చెయ్యి బాగై మళ్లీ డ్యూటీలో చేరిన కొత్తలో ఒక ఉదయం, టైర్ల షాపు స్టాపులో మాష్టారు బస్సెక్కారు. మెడకి బెల్టుంది. తల తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వస్తోంది. సీట్లు ఖాళీ లేవు. ఎవరో లేవబోతే వద్దని సైగ చేసి, నడవాలో నిటారుగా నిలబడి చేతులు జేబుల్లో పెట్టుకున్నారు.

ఆమె టికెట్టు కొట్టి అందించింది. ఆయన తీసుకుని, దాని వైపే చూస్తూ, "గోడకున్న పరుపు తీయించేశాను," అన్నారు. "రేపట్నుంచి మళ్లీ మొదటి పాఠం. తోస్తే నిలబడటం. నీకూ రాదు, నాకూ రాదు. వస్తావా?"

డ్రైవరు భుజం కదిలింది. పెద్ద కూడలి వస్తోంది.

"వస్తాను గానీ, ముందు రాడ్డు పట్టుకోండి మాష్టారూ," అంది ఆమె.

ఆయన జేబులోంచి చెయ్యి తీసి పట్టుకున్నారు.